శిశువు, పశువు, పాము: త్రిసభ్య ధర్మాసనం

సంగీతం బాగుందో లేదో చెప్పే హక్కు ఎవరిదన్న ప్రశ్న మొన్న హన్మకొండలో, మా చుట్టాల పెళ్లి బరాత్‌లో, డీజే బండికి మూడు గజాల దూరంలో లేచింది. లేచిందనే అనుకుంటున్నాను, సగం మాటలు వినపడలేదు.

మా చిన్నాయన 72 మేళకర్త రాగాల పేర్లు వరసగా అప్పజెబుతారు. పాడమంటే మాత్రం గొంతు బాగాలేదంటారు, ముప్పై ఏళ్లుగా. ఆయన డీజే పిల్లగాడిని నిలదీశారు: "గిది పాటనారా? శ్రుతి లేదు, పాడు లేదు."

"ఎవల టేస్టు వాళ్లది కాకా" అన్నాడు వాడు, సౌండ్ మరికాస్త పెంచి.

అరగంటకు పెళ్లికూతురు తరఫువాళ్లు తమకిష్టమైన పాటేదో అడిగితే అదే పిల్లగాడు "అదేం పాటన్నా, మీకు మ్యూజిక్ తెల్వదు" అన్నాడు. చిన్నాయన మాత్రం తక్కువా? రేవతి రాగం ఎందుకు పడదంటే "నాకు పడదంతే" అంటారు. నా పాటను నువ్వు తిడితే అది నీ టేస్టు, నీ పాటను నేను తిడితే అది నా పాండిత్యం.

సర్కారుకు ఈ బాధ లేదు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఏ రాగమైనా అంతే. ఇంత నిష్పక్షపాతమైన సంగీత విమర్శ నేనెక్కడా చూడలేదు. దాన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి మంచి విమర్శకు ఉండాల్సిన లక్షణాలన్నీ ఉన్నట్టే.

మన పెద్దలు ఈ వ్యవహారం ఎప్పుడో తేల్చేశారు. "శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః" అన్నారు. గానంలోని రసం శిశువుకు తెలుసు, పశువుకు తెలుసు, పాముకు తెలుసు. జాబితా అక్కడితో సరి. అందులో రిటైరైన చిన్నాయనలు లేరు, డీజే ఆపరేటర్లు లేరు, వ్యాసాలు రాసే నేనూ లేను. పైగా పాముకు బయటికి చెవులే ఉండవు, నేల అదురును దవడతో పట్టుకుంటుంది. డీజే బాక్సుల బేస్ ఎవరి కోసమో నాకిప్పుడు అర్థమైంది.

మన ఊళ్లో విమర్శకు ఒకప్పుడు బలం ఉండేది. కాకతీయ గణపతిదేవుడి గజదళాన్ని నడిపిన జాయప సేనాని 1253-54లో నృత్తరత్నావళి అనే నాట్య గ్రంథం రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు మార్గానికి, అంటే శాస్త్రం చెప్పిన నృత్తానికి ఇచ్చి, మిగతా నాలుగు దేశికి, అంటే జనం ఆడే ఆటలకు ఇచ్చాడు. వెనక ఏనుగులున్న మనిషితో "నీ టేస్టు నీది" అని ఎవరంటారు? ఆయనేమో జనం ఆటను అంత శ్రద్ధగా చూశాడు. మేం మాత్రం రామప్పకు పోయి, గైడు శిల్పం మీద వేలితో కొట్టి సరిగమలంటే ఆహా అని తలలూపి వచ్చాం. ఏది 'స'నో ఏది 'రి'నో నాకైతే తెలియలేదు. పక్కవాళ్లు ఊపారని ఊపాను.

బరాత్‌లో ఇద్దరూ గొంతులు చించుకుంటుంటే, రోడ్డు వారన ఒక డప్పు పెద్దాయన గడ్డి మంట మీద డప్పు కాపుతున్నాడు. కాచాడు, వేలితో తట్టాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇంక కాగలే" అని మళ్లీ మంట మీద పెట్టాడు. నా చెవికి ముందూ తర్వాతా ఒకటే. ఆయనను మాత్రం ఎవరూ అభిప్రాయం అడగలేదు.

చివరికి ధర్మాసనాన్నే పిలిచాం. మా మేనకోడలి పాప డీజే మోతకు హాయిగా నిద్రపోయింది. చిన్నాయన మొదటిసారి గొంతు సవరించుకుని ఆలాపన ఎత్తుకోగానే లేచి గుక్కపట్టి ఏడ్చింది. డప్పు మోగగానే ఏడుపాపి కాళ్లు తన్నింది. "ఆకలై ఏడ్చింది" అని చిన్నాయన అప్పీలు చేశారు. గల్లీలోని ఆవు చెత్తకుప్ప దగ్గర్నుంచి తల ఎత్తలేదు కాబట్టి దాని అభిప్రాయం నమోదు కాలేదు.

ఇక మిగిలింది పాము. డీజే పిల్లగాడు నాగిన్ ట్యూన్ పెట్టాడు. పాము రాలేదు. నోట్లో దస్తీ కరచుకుని మా బావ వచ్చాడు.