గైర్హాజరులో విలువలు

ఒక జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీ వారు "ఉన్నత విద్యలో వృత్తి విలువలు: కృత్రిమ మేధ యుగంలో భాషలు, వాణిజ్యం, జీవశాస్త్రాల పాత్ర" అనే అంశం మీద రెండు రోజుల అంతర్జాతీయ సదస్సు తలపెట్టారు. బ్రోచర్ నేనున్న వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ తిరిగింది. కాలేజీ పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, మీ ఊరి కాలేజీ కూడా ఇదే పనిలో ఉంది.

బ్రోచర్‌లో నన్ను కట్టిపడేసింది ఫీజుల పట్టిక. స్వయంగా వచ్చి పత్రం చదివితే 1,500. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదివితే 1,000. రాకుండా, చదవకుండా, చదివినట్టు సర్టిఫికెట్ మాత్రం కావాలంటే 800. ఈ మూడో సేవ పేరు "గైర్హాజరులో పత్ర సమర్పణ". వృత్తి విలువల మీద నేను ఫలానా తేదీన ప్రసంగించాను అని, ఆ తేదీన బావమరిది గృహప్రవేశంలో ఉన్న మనిషికి కాలేజీ ముద్ర వేసి మరీ ఇస్తారు. భోజనం మిగులుతుంది కాబట్టి ఫీజులో తగ్గింపు కూడా ఇచ్చారు. లెక్కలో ఇంత నిజాయితీ ఉన్నవాళ్లను విలువల గురించి మాట్లాడే అర్హత లేదని ఎలా అంటాం?

ఊరికి సరైన బస్టాండ్ లేకపోయినా సదస్సు మాత్రం అంతర్జాతీయం ఎందుకైందని అమాయకులు అడుగుతారు. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ, అధ్యాపకుల నియామకాలకూ పదోన్నతులకూ పెట్టిన 2018 నిబంధనల్లో రెండో టేబుల్ చూడండి. రాష్ట్రస్థాయి సదస్సులో పత్రం చదివితే 2 పాయింట్లు, జాతీయ సదస్సులో 3, దేశంలోనే జరిగే అంతర్జాతీయ సదస్సులో 5. ఫ్లెక్సీ మీద ఒక్క మాట మారిస్తే రెండు పాయింట్లు కలిసొస్తుంటే, జాతీయ సదస్సు పెట్టేవాడు వెర్రివాడు కాక మరేమిటి? అందుకే మన జిల్లాల్లో జాతీయ సదస్సులు అంతరించిపోతున్నాయి. రాష్ట్రస్థాయి సదస్సుల సంగతి ఇక అడగొద్దు.

ప్రారంభ సభ ఎలా ఉంటుందో తెలియని దురదృష్టవంతుల కోసం చెబుతాను. అయిదు వత్తులున్న దీపస్తంభం చుట్టూ పదకొండు మంది పెద్దలు నిలబడతారు. కొవ్వొత్తి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్లాలన్నది సీనియారిటీ ప్రకారం నడుస్తుంది. నాలుగో వత్తి వెలిగేసరికి ఫ్యాన్ గాలికి మొదటిది ఆరిపోతుంది. అటెండరు పరుగున వెళ్లి ఫ్యాన్ కట్టేస్తాడు, అప్పుడు పెద్దలకు చెమటలు పడతాయి, మళ్లీ వేస్తాడు. ఈలోగా ఫొటోగ్రాఫరు "సార్, ఇంకోసారి" అంటాడు. అతను మామూలు ఫొటోలు తీయడు, జియో ట్యాగ్ ఫొటోలు తీస్తాడు. కింద అక్షాంశం, రేఖాంశం పడాలి. అవి పడని దీపం వెలగనట్టే, రేపు కాలేజీకి గ్రేడు వేసే న్యాక్ వాళ్లకు చూపించడానికి పనికిరాదు.

అంతర్జాతీయం అన్నాక ఒక విదేశీయుడు ఉండాలి కదా. కరస్పాండెంట్ గారి అల్లుడు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. జూమ్‌లో వచ్చాడు. అక్కడ అర్ధరాత్రి, వెనకాల దిండు కనిపిస్తోంది. "సార్, మీరు మ్యూట్‌లో ఉన్నారు" అని వేదిక మీది పెద్దలందరూ ఒకరి తర్వాత ఒకరు విన్నవించుకున్నారు. మ్యూట్ తీశాక తన కంపెనీ డేటాను క్లౌడ్‌లోకి ఎలా మార్చిందో వివరించి, "ఇందులో కూడా వాల్యూస్ చాలా ఇంపార్టెంట్ అండీ" అని ముగించాడు. చప్పట్లు. స్క్రీన్ మీదున్న ఆయన ముఖానికి శాలువా ఎలా కప్పాలన్న చర్చ కాసేపు నడిచి, చివరికి దాన్ని మామగారికే కప్పారు.

కుర్చీల్లో ఉన్నది బీకాం రెండో సంవత్సరం పిల్లలు. హాజరు ఇక్కడే తీసుకుంటామన్నారు కాబట్టి కదలరు. బయటినుంచి వచ్చిన ప్రతినిధులు కిట్ బ్యాగు కౌంటర్ దగ్గర ఉన్నారు. మధ్యాహ్నం టెక్నికల్ సెషన్‌లో గంటకు నలభై పత్రాలు. కామర్స్ సెషన్‌కు బోటనీ మేడమ్ అధ్యక్షత. "మీ పేపర్ సారాంశం రెండు ముక్కల్లో చెప్పండి సార్, అవతల టైమ్ లేదు" అని ఆమె బతిమాలుతుంటే, వచ్చినాయన "నా ముందు మాట్లాడిన వారితో ఏకీభవిస్తున్నాను" అని దిగిపోయాడు. ముందు మాట్లాడినాయన పేపర్ జీఎస్టీ మీద, ఈయనది శతక సాహిత్యం మీద.

రెండున్నరకు సర్టిఫికెట్లు. మూడుంబావుకి రైలుంది. రేషన్ షాపు దగ్గర కూడా అంత తోపులాట నేను చూడలేదు. "నాకు రెండివ్వండి, మా హెచ్‌ఓడీ గారిది కూడా." "పేరులో ఒక ఎల్ పోయింది." "నాది ప్రెజెంటేషన్ అండీ, పార్టిసిపేషన్ అని ఇచ్చారేంటి?" వృత్తి విలువల మీద ఆ సదస్సు మొత్తంలో అంత నిజమైన ఆవేదనతో పలికిన వాక్యం అదొక్కటే. తర్వాత ప్రొసీడింగ్స్, అంటే సదస్సు పత్రాల పుస్తకం, ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు నంబరుతో విడుదల. ఎవరూ చదవరు కాబట్టి ఎవరికీ హాని లేదు.

ఇప్పుడు అసలు పట్టికకి వద్దాం. పాఠం చెప్పడాన్ని యూజీసీ పట్టించుకోలేదనడం అన్యాయం. మొదటి టేబుల్ దానికే ఉంది. కేటాయించిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన తీసుకుంటే "గుడ్". 70కి 80కి మధ్య అయితే "శాటిస్ఫాక్టరీ". అంతకన్నా తగ్గితే కాదు. అంతే. క్లాసులో ఏం జరిగిందన్న గడి లేదు. పాత నోట్సు పట్టుకుని బోర్డు వైపు తిరిగి చదివి వెళ్లేవాడూ గుడ్డే, రాత్రి కూర్చుని కొత్త ఉదాహరణ వెతుక్కొచ్చి చెప్పేవాడూ గుడ్డే. "వెరీ గుడ్" అన్నది ఆ టేబుల్‌లో పుట్టనే లేదు. పేపరుకు మాత్రం ఉన్న ఏర్పాట్లు చూడండి: సైన్సులో 8, ఆర్ట్స్‌లో 10, జర్నల్‌లోని పేపర్లను ఇతరులు ఎంతగా ఉటంకిస్తారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని బట్టి 30 దాకా. ప్రొఫెసర్ పోస్టుకు నేరుగా దరఖాస్తు చేయాలంటే 10 పబ్లికేషన్లు, 120 స్కోరు. అంటే ప్రభుత్వం చాలా మర్యాదగా చెబుతున్న మాట ఏమిటంటే, అయ్యా, క్లాసుకు వెళ్లొస్తే చాలు, మిగతా టైమ్‌లో ఏదైనా పనికొచ్చే పని చేసుకోండి.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సూత్రం సహరచయితలది. ఒక పేపరు ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం పాయింట్లు. 70, 70 కలిపితే 140. భారతదేశంలో ఒక పేపరును ఇద్దరు కలిసి రాస్తే అది నూటికి నలభై పెరుగుతుంది. బ్రహ్మగుప్తుడు సున్నాకు సూత్రాలు రాసి ఆగిపోయాడు, మనం ముందుకెళ్లాం. ముగ్గురు, అంతకు మించి ఉంటే ప్రధాన రచయితకు 70, మిగతా వాళ్లకి తలా 30. తిలా పాపం తలా పిడికెడు అన్నవాడికి ఈ వాటాల లెక్క తెలియదు పాపం. అందుకే ఇప్పుడు వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో పేపర్ కన్నా ముందు పేపర్‌లో సీట్లు అమ్మకానికి వస్తున్నాయి. "మూడో ఆథర్ స్థానం ఖాళీ ఉంది సార్, కరెస్పాండింగ్ కావాలంటే రేటు వేరు." ఏ సబ్జెక్టు అని అడిగితే అవతలివాళ్లు నొచ్చుకుంటారు.

పేటెంట్ల ముచ్చట ఇంకా ఘనం. అంతర్జాతీయ పేటెంటుకు 10 పాయింట్లు. నిజమైన పేటెంటుకు ఏళ్లు పడుతుంది, పైగా ఏదో ఒకటి కనిపెట్టాలి. కాబట్టి బ్రిటన్‌లో డిజైన్ రిజిస్ట్రేషన్ అనే దగ్గరిదారి దొరికింది. డిజైన్ రిజిస్ట్రేషన్ ఒక వస్తువు రూపానికి ఇస్తారు. ఆ వస్తువు పని చేస్తుందా లేదా అన్న గొడవ దానికి లేదు, ఆ రూపం కొత్తదా కాదా అన్నది కూడా అక్కడ ముందుగా పరిశీలించరు. దానికి "యూకే పేటెంట్" అని మనవాళ్లు ముద్దుపేరు పెట్టుకున్నారు. క్యాన్సర్‌ను కనిపెట్టే కృత్రిమ మేధ పరికరానికి ఎనిమిది మంది యజమానులుంటారు. అందులో ఇద్దరు కామర్స్, ఒకరు తెలుగు, ఒకరు ఫిజికల్ డైరెక్టర్. పరికరం ఎక్కడుందని అడక్కండి. బొమ్మ బాగుంది.

డబ్బుకు పేపర్లు అచ్చేసే రంగంలో మన హైదరాబాద్ ప్రపంచ పటంలో ఉంది, చార్మినార్ వల్ల కాదు. ఇక్కడి నుంచి వందల జర్నళ్లు నడిపిన ఒక సంస్థ, సరైన సమీక్ష చేయకుండానే చేశామని నమ్మించి పరిశోధకుల దగ్గర డబ్బు గుంజిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అంతకు ముందే, 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లు తీసేసింది. వాటిని జాబితాలో పెట్టింది ఎవరయ్యా అంటే యూజీసీయే. తర్వాత మంచి జర్నళ్ల కొత్త జాబితా అని కేర్ లిస్టు అన్నారు. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసి, ఏది మంచి జర్నలో మీరే చూసుకోండి అన్నారు. చూసుకుంటున్నాం సార్.

కాలేజీలకు కూడా మార్కులుంటాయి. న్యాక్ గ్రేడు. తనిఖీకి పీర్ టీమ్ వస్తుందంటే గోడలకు సున్నం, లైబ్రరీకి పాఠకులు పుట్టుకొస్తారు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీలో అన్నిటికన్నా పై గ్రేడైన ఏ ప్లస్ ప్లస్ కోసం న్యాక్ తనిఖీ బృందానికి లంచాలిచ్చారన్న ఆరోపణ మీద, ఆ తనిఖీ బృందం ఛైర్మన్‌తో సహా పది మందిని సీబీఐ అరెస్టు చేసింది. నగదు, బంగారం, ల్యాప్‌టాప్‌లు, ఫోన్ బయటపడ్డాయన్నారు. కేసు సంగతి కోర్టు తేలుస్తుంది.

బడి పంతుళ్లకు ఈ అదృష్టం లేదు, వాళ్లకు యాప్‌లున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో మరుగుదొడ్డి ఫొటో తీసి అప్‌లోడ్ చేయడం కూడా బోధనలో భాగమైన రోజులు చూశాం. జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ అవార్డుకు 2018 నుంచి ఎవరికి వారే పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. నేనే ఉత్తముణ్ణి అని రుజువులతో సహా రాసుకోలేని మొహమాటస్తుడు ఉత్తముడెలా అవుతాడు?

ప్రోత్సాహకాలు పని చేయవని కూడా అనలేం, అదే విచిత్రం. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పిల్లల సగటు మార్కులు 5 శాతానికి మించి ఎంత పెరిగితే, ప్రతి శాతానికీ టీచరుకు 500 రూపాయలు. బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతం దాకా వచ్చింది. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో మిగతా బడుల కంటే స్పష్టంగా ముందుకెళ్లారు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. టీచర్లు ఎక్కువ రోజులేమీ రాలేదు, వచ్చిన రోజు ఎక్కువ పని చేశారు: అదనపు క్లాసులు, ఎక్కువ హోంవర్క్. వివరాలు 2011లో అంతర్జాతీయ పత్రికలో అచ్చయ్యాయి. పిల్లలు నేర్చుకుంటేనే డబ్బు! ఇంత ప్రమాదకరమైన ఆలోచన ప్రయోగంగానే మిగిలిపోయింది. అంతర్జాతీయ పత్రికలో పేపరు వచ్చింది కదా, ఇంకేం కావాలి?

మళ్లీ ఆ సదస్సుకు వద్దాం. ఆ రెండు రోజులూ కాలేజీలో క్లాసులు లేవు. అక్కడ గెస్ట్ లెక్చరర్లున్నారు. సగం పాఠాలు వాళ్లే చెబుతారు. గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చరుకు 1,500, నెలకు 50,000 వరకు ఇవ్వొచ్చని 2019లో యూజీసీ రాసింది. ఆ కాగితం ఆ ఊరిదాకా రాలేదు, వచ్చినా ఎవరూ చూడలేదు. వాళ్లకు పీరియడ్ లెక్కన జీతం. పీరియడ్ లేకపోతే డబ్బు లేదు. అంటే వృత్తి విలువల మీద సదస్సు పెట్టి, ఆ వృత్తిని నిజంగా చేస్తున్నవాడి రెండు రోజుల కూలి కొట్టేశారు. కుర్చీలు వేసింది అతనే. ప్రొసీడింగ్స్‌కి ప్రూఫులు దిద్దింది అతనే. హెచ్‌ఓడీ గారి పత్రం రాసింది కూడా అతనే, అందులో అతని పేరు లేదు. 30 శాతం వాటా కూడా ఇవ్వలేదు. సిగ్గుండాలి.

మూడో వరుసలో కూర్చున్న అమ్మాయి తెల్లవారుజామున పల్లెవెలుగు ఎక్కి వచ్చింది. వాళ్లింట్లో కాలేజీ దాకా వచ్చిన మొదటి మనిషి. తరుగుదల లెక్కలో డౌటుంది, రేపు ఇంటర్నల్. అడుగుదామంటే సారు వేదిక మీద ఉన్నాడు, గెస్ట్ సారు భోజనం టోకెన్లు పంచుతున్నాడు. ఆ పిల్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బుతో బతుకుతున్న కాలేజీ అది. ఆ డౌటు తీర్చినవాడికి ఏ టేబుల్‌లోనూ అర పాయింటు లేదు. ఎగ్గొట్టినవాడికి అయిదు పాయింట్లు, కిట్ బ్యాగు, జియో ట్యాగ్ ఫొటో. దీన్ని ప్రతిభ ఆధారిత పదోన్నతి అంటున్నాం. దోపిడీ అనడానికి మొహమాటం దేనికి?

2025 జనవరిలో వచ్చిన ముసాయిదాలో ఈ స్కోర్ల పద్ధతి వదిలేద్దామని యూజీసీయే రాసింది. నాదొక సవరణ. స్కోర్లు ఉంచండి, తలకిందులు చేయండి. రాయని ప్రతి పేపరుకూ 10 పాయింట్లు ఇవ్వండి. పెట్టని అంతర్జాతీయ సదస్సుకు 5, పెట్టని జాతీయ సదస్సుకు 3. ఇద్దరు కలిసి ఒక పేపరు రాయకుండా ఉంటే చెరో 70 శాతం. సర్టిఫికెట్లు కావాలంటే గైర్హాజరులో ఇచ్చేయండి, 800 కూడా తీసుకోండి. ఆ ఖాళీ అయిన టైమ్‌లో సారు క్లాసుకు వెళ్లి, తరుగుదల లెక్క బోర్డు మీద చేసి చూపిస్తే సరి.