ఒక్కరోజు వేషమే కదా అనకండి

హాస్య ధారావాహికలో అందరికంటే కష్టమైన వేషం అతిథి నటుడిది. విశాఖ నాటకరంగంలో ఈ మాటంటే వెంటనే తలూపుతారు. టీవీ నిర్మాణ సంస్థల్లో అంటే ‘ఒక్కరోజు వేషమే కదా’ అని తేల్చేస్తారు. ఆ చులకన వల్ల తెలుగు టీవీ హాస్యం చాలా పోగొట్టుకుందని నా అభిప్రాయం.

రోజూ కలిసి నటించేవాళ్లకు ఒకరి పద్ధతి ఒకరికి కొట్టిన పిండి. ఎవరు ఏ మాట దగ్గర ఆగుతారో, ఎవరి చూపు పడితే నవ్వు పుడుతుందో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. మధ్యలో వచ్చినవాడికి అవేమీ తెలియవు. అయినా ఆ వారం కథ అతని మీదే ఆధారపడుతుంది. బాకీ వసూలుకు వచ్చినవాడో, తనిఖీకి దిగిన అధికారో, పెళ్లిచూపులకు వెంటవచ్చిన మేనమామో గుమ్మం తొక్కాకే ఇంట్లో గందరగోళం మొదలవుతుంది. రెండు మూడు సన్నివేశాల్లోనే అతను నిండైన మనిషిగా కనిపించాలి, కథను కదిలించాలి. పుట్టిన నవ్వులో పెద్ద వాటా మాత్రం ఇంటివాళ్లకే, అంటే ధారావాహికలో రోజూ నటించేవాళ్లకే, వదిలిపెట్టాలి.

అమెరికన్ హాస్య ధారావాహిక ‘ఫ్రెండ్స్’లో బ్రూస్ విల్లిస్ ఇదే చేశాడు. అప్పటికే అతను ‘డై హార్డ్’ చిత్రాల హీరో. 2000లో, ఆ ధారావాహికలో ముఖ్య పాత్ర అయిన రాస్ ప్రేమించిన అమ్మాయికి తండ్రిగా మూడు ఎపిసోడ్లలో కనిపించాడు. రాస్‌ను చూపుతోనే హడలగొట్టే ఆ తండ్రి, గదిలో ఎవరూ లేరనుకుని అద్దం ముందు నిలబడి తనను తానే మెచ్చుకుంటాడు. మంచం కింద దాక్కున్న రాస్ అదంతా వింటుంటాడు. విల్లిస్ అక్కడ నవ్వించాలని ప్రయత్నించడు. ఆ మనిషి తనకు తాను ధైర్యం చెప్పుకుంటున్నాడని మనస్ఫూర్తిగా నమ్మి చేస్తాడు. కింద ఒకడు ఉన్నాడని మనకు తెలుసు కాబట్టి నవ్వు ఆగదు. ఆ ఏడాది హాస్య ధారావాహికల్లో ఉత్తమ అతిథి నటుడిగా అమెరికా టీవీ పురస్కారమైన ఎమ్మీ అవార్డు అతనికే వచ్చింది. అతిథి నటులకు విడిగా ఒక విభాగమే పెట్టారంటే ఆ పనిని అక్కడ ఎంత విలువైన విద్యగా లెక్కిస్తారో తెలుస్తుంది.

దాని వెనుక ఒక పద్ధతి ఉంది. 1951లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ని ప్రేక్షకుల ముందు, ఒకేసారి మూడు ఫిల్మ్ కెమెరాలతో చిత్రీకరించారు. అలాంటి ధారావాహికల్లో సాధారణంగా వారం మొదట్లో అందరూ బల్ల చుట్టూ కూర్చుని స్క్రిప్టు చదువుతారు. తర్వాత రిహార్సళ్లు, చివర్లో ప్రేక్షకుల ముందు చిత్రీకరణ. అతిథికీ ఆ రిహార్సళ్లు దక్కుతాయి, ఎదురుగా నవ్వు వినపడుతుంది.

మనకూ మంచి ఉదాహరణ ఉంది. 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చిన హాస్య ధారావాహిక ‘అమృతం’లో అమృతరావు పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆపై హర్షవర్ధన్ పోషించారు. అన్నేళ్లూ ఆంజనేయులుగా నిలిచింది గుండు హనుమంతరావు. ముఖ్య పాత్రధారి మారినా ధారావాహిక నడిచిందంటే, కొత్తగా వచ్చినవాడి ఆటకు తగ్గట్టు తన ఆటను సర్దుకునే హనుమంతరావు లాంటి నటుడు పక్కన ఉండబట్టే అనుకుంటాను. అతిథి రాణించాలంటే ఇంట్లో అలాంటివాడు ఒకడు ఉండి తీరాలి.

ఇక విశాఖ సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది. పవన్ కల్యాణ్, ప్రభాస్ వంటివారికి నటన నేర్పిన సత్యానంద్ ఈ ఊరివారే. ఇక్కడి కళాభారతి ఆడిటోరియంలో ప్రేక్షకుల నవ్వు ఎప్పుడు సద్దుమణుగుతుందో చెవులతో పట్టుకుని, తర్వాతి మాట అందుకునే నటులు ఇక్కడ ఉన్నారు. టీవీ పని మాత్రం ఎక్కువగా 600 కిలోమీటర్లకు పైగా దూరంలోని హైదరాబాద్‌లో. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి దిగి, నేరుగా మేకప్‌కు కూర్చోవాలి. సీను కాగితం చేతికి వచ్చేది అప్పుడే.

నాకు తెలిసిన ఒక నటుడు అలాగే ఇంటి యజమాని బావమరిది వేషానికి వెళ్లాడు. మాటలు గబగబా కంఠస్థం చేశాడు. ‘అద్దె సంగతి తర్వాత…’ అని ఆగి, సోఫా మీదున్న కొత్త దుప్పటి వంక చూసి, ఆపైన మిగతా మాట అనాలనుకున్నాడు. ఆ విరామంలోనే నవ్వు ఉంది. అతను ఆగీ ఆగగానే, మాట మరిచిపోయాడనుకుని కెమెరా వెనుక నుంచి ప్రాంప్టింగ్ అందింది, అంటే తర్వాతి మాట చెప్పేశారు. రెండోసారి ఆగితే ఇంకా గట్టిగా చెప్పారు. మూడోసారి అతను ఆగలేదు. వాళ్లు టేక్ ఓకే చేశారు. చిన్నబుచ్చుకుని తిరిగొచ్చాడు. అతనికంటే నాకే ఎక్కువ బాధ కలిగింది, ఎందుకంటే ఆ విరామం ఎంత బాగుంటుందో నేను వేదిక మీద చూశాను.

ఇందులో ప్రాంప్టర్ తప్పేమీ లేదు. రోజుకు ఇన్ని సీన్లు తీయాలన్న ఒత్తిడిలో, ఏడుపు సీరియళ్లకు సరిపోయే పద్ధతి అది. ఏడుపు సీను ప్రాంప్టింగ్‌తో గట్టెక్కుతుంది, హాస్యం గట్టెక్కదు. హాస్యానికి మాట ఎంతో మౌనమూ అంతే. ఆ మౌనం ఎంతసేపో నటుడికే తెలియాలి.

నిర్మాతలను అడిగేది పెద్ద ఖర్చు కాదు. సీను కాగితాన్ని విశాఖలో రైలెక్కకముందే ఫోనుకు పంపండి. చిత్రీకరణకు ముందు ఇంటివాళ్లతో ఒక్కపూట రిహార్సల్ పెట్టండి, ఆ పూటకూ పారితోషికం ఇవ్వండి. ప్రాంప్టింగ్ కావాలో వద్దో అతన్నే అడగండి. డబ్బింగ్ కూడా అతని గొంతుతోనే చెప్పించండి, పాత్ర ఉత్తరాంధ్రదైతే ఆ యాసను చదును చేయకుండా.