కోడ్ బహిరంగం, పరీక్ష మాత్రం రహస్యమా?

లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ బహిరంగంగా ఉండే) ఆపరేటింగ్ సిస్టమ్‌కు వృత్తిపరమైన సర్టిఫికేషన్ అవసరమా అన్న చర్చకు ఎప్పుడో కాలం చెల్లింది. లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ 1999లోనే పుట్టింది. లినక్స్ ఫౌండేషన్ 2014లో సొంత పరీక్షలతో రంగంలోకి దిగింది. లినక్స్ వ్యాపారం చేసే రెడ్‌హ్యాట్ కంపెనీ ధ్రువపత్రాల సంగతి ఈ రంగంలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. కొత్తగా అలాంటి కార్యక్రమాన్ని రూపొందించేవారు తేల్చుకోవాల్సినవి రెండే: పరీక్ష ఎలా ఉండాలి, అది ఎవరి చేతిలో ఉండాలి. అభ్యర్థిని నడుస్తున్న యంత్రం ముందు కూర్చోబెట్టాలనీ, ప్రశ్నలతో పాటు మార్కులు వేసే స్క్రిప్టులు (చిన్న ప్రోగ్రాములు) కూడా అందరికీ అందుబాటులో ఉంచాలనీ, దాని యాజమాన్యం ఏ ఒక్క కంపెనీకీ దక్కకూడదనీ నా వాదన.

నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పరీక్షకు ప్రాణం ప్రశ్న బ్యాంకు గోప్యతలో ఉంటుంది. ఆ గోప్యత ఎంతకాలం నిలుస్తుందో డంప్స్ (బయటపడిన ప్రశ్నల కట్టలు) కోసం ఒక్కసారి వెతికినవారికి తెలుసు. ప్రశ్నలు బయటపడ్డాక వాటిని మార్చడం, మార్చినవి మళ్లీ బయటపడడం అంతులేని తంతు. ఈ పరుగులో ఖర్చయ్యే శ్రమలో సగం పెట్టినా మెరుగైన పరీక్ష తయారవుతుంది.

ఒక పని తీసుకుందాం. వెబ్ సర్వర్‌లో ఒక పేజీ తెరుచుకోవడం లేదు, 403 (అనుమతి లేదు) అని వస్తోంది. ఫైలు అనుమతులు చూస్తే అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అసలు సంగతేమిటంటే, ఆ ఫైలును ఎవరో తమ హోమ్ డైరెక్టరీ నుంచి ఎంవీ కమాండ్‌తో తరలించారు. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలును తాకవచ్చో లేబుళ్లు చూసి కాపలా కాసేది ఎస్ఈలినక్స్. ఫైలుతో పాటు దాని పాత లేబుల్ కూడా వెంట వచ్చేసింది. తొందరపడే అభ్యర్థి సెట్‌ఎన్‌ఫోర్స్ కమాండ్‌తో ఆ కాపలానే పక్కకు తప్పిస్తాడు. పేజీ వెంటనే తెరుచుకుంటుంది, అతనూ ఊపిరి పీల్చుకుంటాడు. నిదానించేవాడు ఆడిట్ లాగ్ (ఆ కాపలా దేన్ని అడ్డుకుందో రాసిపెట్టే చిట్టా) చదివి, లేబుల్ తేడా పట్టుకుని, సరైన లేబుల్‌ను తిరిగి వేసే రీస్టోర్‌కాన్ కమాండ్ ఒక్కసారి నడిపి సరిచేస్తాడు. బ్రౌజర్‌లో ఇద్దరి ఫలితమూ ఒక్కటే. పరీక్ష స్క్రిప్టు మాత్రం యంత్రాన్ని రీబూట్ చేసి చూస్తుంది. అప్పుడు కాపలా మళ్లీ నిలబడుతుంది, మొదటివాడి పేజీ మళ్లీ 403 అంటుంది. కాన్ఫిగరేషన్ ఫైలులోనే దాన్ని శాశ్వతంగా ఆపేసిన ఘనులను పట్టుకోవడానికి స్క్రిప్టులో ఇంకొక్క వరుస చాలు.

ఇప్పుడు ఇదే ప్రశ్నను, దాని స్క్రిప్టును బహిరంగంగా పెట్టేద్దాం. పేజీ రాకపోవడానికి కారణం లేబుల్ కావచ్చు, అలవాటు లేని పోర్టు కావచ్చు, ఫైర్‌వాల్ నియమం కావచ్చు, డిస్కు నిండిపోవడం కూడా కావచ్చు. ఏ యంత్రంలో ఏ లోపం పెట్టాలో పరీక్ష మొదలయ్యే క్షణాన కంప్యూటర్ చీటీ తీస్తుంది. ఈ లోపాలన్నింటినీ ముందే చదువుకుని, తన ముందున్న యంత్రంలో ఉన్నది ఏదో కనిపెట్టి, రీబూట్ తర్వాత కూడా నిలిచేలా సరిచేసినవాడిని ఉత్తీర్ణుడనడానికి ఎవరికి అభ్యంతరం ఉంటుంది? సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కు ఇచ్చే జీతం ఆ నేర్పుకే కదా.

ప్రయోగ పరీక్షకు ఖర్చెక్కువనీ, యాదృచ్ఛికంగా పెట్టే లోపాల వల్ల అందరికీ ఒకే స్థాయి కఠినత ఉండదనీ పరీక్షా నిపుణులు అంటారు. రెండోది కొట్టిపారేయదగ్గది కాదు. అయితే కనీస అర్హత ఉన్నవారిలో నూటికి ఎంతమంది దీన్ని చేయగలరని అనుభవజ్ఞులు అంచనా కట్టి ఉత్తీర్ణత గీత గీసే యాంగాఫ్ పద్ధతిని, ఒక్కో ప్రశ్నకు బదులు ఒక్కో లోపానికి వర్తింపజేయవచ్చు. ఖర్చు విషయానికొస్తే, సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము లేనిచోట వర్చువల్ యంత్రాలను కావలసినన్ని పుట్టించవచ్చు.

యాజమాన్యం ప్రశ్న దీనికన్నా పెద్దది. 2015లో యాన్సిబుల్‌ను, అంటే ఎన్నో యంత్రాలను ఒకేచోటి నుంచి సర్దిపెట్టే పనిముట్టును, రెడ్‌హ్యాట్ కొనుగోలు చేసింది. రెడ్‌హ్యాట్ లినక్స్ ఎనిమిదో వెర్షన్‌తో వచ్చిన ఆర్‌హెచ్‌సీఈ (రెడ్‌హ్యాట్ ఇంజినీర్ ధ్రువపత్రం) పరీక్షకు యాన్సిబుల్ ఆటోమేషనే వెన్నెముక అయింది. యాన్సిబుల్ మంచి పనిముట్టే, అది వేరే సంగతి. కానీ ఒక వృత్తిలో నిపుణుడంటే ఎవరో నిర్వచించే అధికారం, ఆ నిర్వచనంతో లాభపడే ఉత్పత్తి ఒకే చేతిలో ఉన్నాయి. 2020 డిసెంబరులో రెడ్‌హ్యాట్ లినక్స్‌కు ఉచిత ప్రతిరూపమైన సెంట్‌ఓఎస్ దారి మళ్లినప్పుడు, కోడ్ చేతిలో ఉంది కాబట్టి జనం రాకీ, ఆల్మా లినక్స్‌లను నిలబెట్టుకోగలిగారు. ధ్రువపత్రాన్ని అలా ఫోర్క్ చేసుకోలేం, అంటే నకలు తీసి సొంతంగా నడుపుకోలేం. ఉమ్మడి సొత్తుగా కోడ్‌ను కాపాడుకోవడం నేర్చినా, ఆ కోడ్ చుట్టూ పెరిగే పేర్లను, ట్రేడ్‌మార్కులను, అర్హతలను కంపెనీలకు వదిలేయడం మనకు పాత జాడ్యం. లైసెన్సు ఇచ్చిన స్వేచ్ఛను ఫలానా కంపెనీ ధ్రువపత్రం ఉండాలనే ఉద్యోగ ప్రకటనలోని ఒక్క వాక్యం తిరిగి లాగేసుకుంటోంది.

యూనిక్స్ నుంచి పుట్టిన మరో ఓపెన్ సోర్స్ కుటుంబమైన బీఎస్‌డీ సమాజం ఇందులో చూపిన దారి గమనించదగ్గది. 2005లో మొదలైన బీఎస్‌డీ సర్టిఫికేషన్ గ్రూప్ సిలబస్ రాయకముందే, నిర్వాహకులు రోజూ చేసే పనులేమిటో సర్వేతో తెలుసుకుంది. ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, డ్రాగన్‌ఫ్లై నాలుగింటికీ ఒకే పరీక్ష కూర్చింది. 2008లో గానీ తొలి పరీక్ష జరగలేదు. స్వచ్ఛంద సంస్థకు ఆ ఆలస్యం తప్పదు. చివరికి బీఎస్‌డీ పరీక్ష లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ గొడుగు కిందికి చేరింది. కోరికకూ ఓపికకూ కొదవ లేని చోట కూడా, పరీక్షను ఏళ్ల తరబడి మోసే స్థిరమైన సంస్థ లేకపోతే పని సాగదు.

కాబట్టి కొత్త కార్యక్రమం ముందుగా ప్రచురించాల్సింది పనుల జాబితా. సోర్స్ కోడ్‌లాగే అది ప్రతి మార్పూ నమోదయ్యే వెర్షన్ నియంత్రణలో ఉండాలి, ఎవరైనా సవరణ ప్రతిపాదించగలగాలి. ధ్రువపత్రం గడువు కూడా దాన్ని బట్టే తేలాలి. మూడేళ్లకో అయిదేళ్లకో ధ్రువపత్రాన్ని రద్దుచేసి, పూర్తి రుసుముతో మళ్లీ మొదటి నుంచి రాయించే పద్ధతి సంస్థల ఖజానాకు తప్ప ఎవరికీ మేలు చేయదు. 2015లో డెబియన్ లినక్స్ ఎనిమిదో వెర్షన్, యంత్రంలోని సేవలను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీకి మారినప్పుడు సేవలను నడిపే తీరు మారింది గానీ, ఫైలు అనుమతులు మారలేదు. అలాంటి సందర్భంలో పాత జాబితాకూ కొత్త జాబితాకూ మధ్య డిఫ్ (తేడాల జాబితా) తీసి, మారిన పనుల మీద మాత్రమే చిన్న పరీక్ష పెట్టి, ధ్రువపత్రంపై కొత్త వెర్షన్ సంఖ్య వేసి ఇస్తే సరిపోతుంది.