కొండపల్లి సీల్డ్ కవర్: ఊరిది కాని తగువు

2021 నవంబర్ 24న కొండపల్లి మున్సిపల్ కార్యాలయంలో చైర్మన్ ఎన్నిక జరిగింది. ఓటు హక్కు ఉన్నవారు 31 మంది: 29 మంది వార్డు సభ్యులు, ఒక ఎమ్మెల్యే, ఒక ఎంపీ. చేతులెత్తే పద్ధతి కనుక ఎవరు ఎటు ఓటు వేశారో గదిలో ఉన్నవారందరికీ కళ్ల ముందే తేలిపోయింది. అయినా ఆ ఫలితాన్ని ప్రకటించలేదు. హైకోర్టు ఆదేశం మేరకు సీల్డ్ కవర్‌లో పెట్టారు. ఆ కవర్ తెరుచుకుని టీడీపీ అభ్యర్థి చైర్మన్ అయినట్లు అధికారికంగా తేలింది 2025 జూన్‌లో. అయిదేళ్ల పదవీకాలం ఉన్న పాలకవర్గానికి మూడున్నరేళ్ల పాటు అధ్యక్షుడెవరో తేలకుండా పోయింది.

కొండపల్లి, ఇబ్రహీంపట్నం కలిసి ఏర్పడిన ఈ మున్సిపాలిటీకి అవి తొలి ఎన్నికలు. తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసే కుటుంబాలు ఒకవైపు, థర్మల్ విద్యుత్ కేంద్రం, దాని బూడిద ఇంకోవైపు. రెండు పంచాయతీలు పట్టణంగా మారుతున్నప్పుడు తాగునీరు ఎక్కడి నుంచి తేవాలి, పన్నులు ఎంత పెంచాలి, మురుగు ఎటు పోవాలి అన్న ప్రశ్నలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. వాటిని చర్చించడానికి ప్రజలు 29 మందిని ఎన్నుకున్నారు. ఆ ఎన్నికలో టీడీపీకి 14, వైసీపీకి 14 వార్డులు వచ్చాయి. గెలిచిన ఒకే ఒక్క స్వతంత్ర అభ్యర్థి టీడీపీలో చేరారు. ఓటర్ల తీర్పు ప్రకారమైతే లెక్క 15–14 దగ్గర ముగిసిపోవాలి.

ముగియకపోవడానికి కారణం ఎక్స్‌అఫిషియో ఓటు, అంటే వార్డులో గెలవకపోయినా ఎమ్మెల్యే, ఎంపీ వంటి పదవి రీత్యా దక్కే ఓటు. మైలవరం ఎమ్మెల్యేగా వసంత కృష్ణప్రసాద్ ఓటుతో వైసీపీ బలం 15కు చేరి సమానమైంది. అప్పటి విజయవాడ టీడీపీ ఎంపీగా కేశినేని నాని తన ఓటును కొండపల్లిలోనే వినియోగించుకుంటానన్నారు. ఆయనకు ఆ హక్కు ఉందా లేదా అన్నదే వివాదమైంది. నవంబర్ 22న జరగాల్సిన ఎన్నిక గందరగోళంలో వాయిదా పడింది, 23న కూడా అదే జరిగింది. చివరికి కోర్టు జోక్యంతో, పోలీసు బందోబస్తు మధ్య 24న ఓటింగ్ పూర్తయింది. ఫలితం మాత్రం ఎంపీ ఓటు చెల్లుతుందో లేదో తేలేదాకా కవర్‌లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత జరిగినదే ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఆలోచింపజేసే విషయం. కవర్ ఇంకా తెరవకముందే, 2024 ఎన్నికల వేళ, కేశినేని నాని టీడీపీని వీడి వైసీపీలో చేరారు. వసంత కృష్ణప్రసాద్ వైసీపీని వీడి టీడీపీ తరఫున పోటీ చేసి మళ్లీ మైలవరం ఎమ్మెల్యే అయ్యారు. అంటే కొండపల్లి పాలనను స్తంభింపజేసిన ఆ రెండు ఓట్లు వేసినవారూ, 2024 ఎన్నికల్లో, తాము ఓటు వేసిన పార్టీలకే ఎదురుగా నిలబడ్డారు. పార్టీ మారడం వారి రాజకీయ నిర్ణయం, దాన్ని ఇక్కడ తప్పుపట్టడం లేదు. కానీ ఆ రెండు ఓట్లకూ కొండపల్లి నీటి పైపులతో గానీ, బూడిదతో గానీ సంబంధం ఏమిటి? రాష్ట్ర స్థాయి పోరు ఆ వారం ఒక పట్టణం మీదుగా పోయింది, పోతూ పోతూ ఆ పట్టణ పాలనను మూడున్నరేళ్లు కట్టిపడేసింది.

చిన్న పట్టణాల పాలకవర్గాల్లో చీలికలు, కొట్లాటలు, క్యాంపులు చూసినప్పుడు మనం సాధారణంగా కౌన్సిలర్లను నిందిస్తాం. అమ్ముడుపోయారంటాం, కుర్చీల కోసం కొట్టుకుంటున్నారంటాం. అందులో కొంత నిజం ఉంది. కానీ తగువు పుట్టేది అక్కడ కాదని నా అభిప్రాయం. చట్టమే పట్టణం గొడవలోకి బయటివారిని ఓటుతో సహా ఆహ్వానిస్తోంది. ఆ తలుపు తెరిచి ఉన్నంత కాలం లోపల ఎంత మంచివారు కూర్చున్నా సభ సజావుగా సాగదు.

ఎంపీ నియోజకవర్గంలో అనేక మున్సిపాలిటీలు ఉంటాయి, ఓటు మాత్రం ఒక్కచోటే వేయాలి. ఎక్కడ వేయాలో ఎంచుకునే అవకాశం ఆయనదే. కాగితం మీద ఇది చిన్న వెసులుబాటులా కనిపిస్తుంది. ఆచరణలో ఎక్కడ ఒక్క ఓటు తక్కువైందో అక్కడికి ఆ ఓటు నడిచి వెళ్తుంది. 2020 జనవరి తెలంగాణ మున్సిపల్ ఎన్నికల్లో తుక్కుగూడలో దీన్ని ఇంకా స్పష్టంగా చూశాం. 15 వార్డుల్లో 9 బీజేపీ గెలిచింది. అయినా ఎక్స్‌అఫిషియో సభ్యుల బలంతో చైర్మన్ పదవి టీఆర్‌ఎస్ పక్షానికే వెళ్లింది. ఒక వార్డులో వీధి వీధి తిరిగి, గడప గడపా తొక్కి గెలిచిన కౌన్సిలర్ ఓటూ, ఆ పట్టణంలో ఇల్లు కూడా లేని రాజ్యసభ సభ్యుడి ఓటూ ఒకే విలువ కావడం ఏ న్యాయం? పార్టీ ఏదైనా, అధికారంలో ఉన్నప్పుడు ఈ ఏర్పాటు అందరికీ పనికొచ్చింది. అందుకే ప్రతిపక్షంలో ఉండగా మొరపెట్టుకున్నవారు కూడా గద్దెనెక్కాక దీన్ని ముట్టుకోలేదు.

రాజ్యాంగం దీన్ని తప్పనిసరి చేసిందనుకుంటే పొరపాటు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణలోని 243ఆర్ అధికరణం, ఎంపీలకు, ఎమ్మెల్యేలకు, రాజ్యసభ, శాసనమండలి సభ్యులకు మున్సిపాలిటీల్లో ప్రాతినిధ్యం కల్పిస్తూ రాష్ట్ర శాసనసభ చట్టం చేయవచ్చని మాత్రమే చెప్పింది. చేయాలని చెప్పలేదు. అదే అధికరణంలో, పురపాలనలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారిని సభ్యులుగా నియమిస్తే వారికి ఓటు ఉండకూడదన్న నియమం స్పష్టంగా ఉంది. పట్టణ ప్రణాళిక తెలిసిన ఇంజినీరుకు లేని ఓటు, పట్టణంలో అడుగుపెట్టని ఎంపీకి ఉంది. దీన్ని సరిదిద్దడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, మున్సిపల్ చట్టాన్ని రాష్ట్ర శాసనసభ సవరిస్తే చాలు.

ఎమ్మెల్యే కూడా ఆ పట్టణ ప్రజలు ఓటేసి గెలిపించినవాడే కదా, ఆయన అండ లేకుండా పట్టణానికి నిధులు ఎలా వస్తాయి అని అడిగేవారున్నారు. ఈ వాదనను కొట్టిపారేయలేం. పన్నుల రాబడితో జీతాలకే ఇబ్బంది పడే మున్సిపాలిటీకి, రాష్ట్ర ప్రభుత్వం దగ్గర మాట చెల్లే మనిషి నిజంగానే అవసరం. అలాంటి ఎమ్మెల్యే సభకు రావచ్చు, మాట్లాడవచ్చు, నిధులు తేవచ్చు. వాటిలో దేనికీ చైర్మన్ ఎన్నికలో ఓటు అవసరం లేదు.

ఓటు కంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. తాడిపత్రి దానికి ఉదాహరణ. 2021 మార్చిలో రాష్ట్రమంతటా వైసీపీ గాలి వీస్తుంటే తాడిపత్రిలోని 36 వార్డుల్లో టీడీపీకి 18, వైసీపీకి 16, సీపీఐకి ఒకటి, స్వతంత్రునికి ఒకటి వచ్చాయి. ఎక్స్‌అఫిషియో ఓట్లు కలిపినా వైసీపీ 18 దగ్గరే ఆగింది. సీపీఐ, స్వతంత్ర సభ్యుల మద్దతుతో జేసీ ప్రభాకర్‌రెడ్డి చైర్మన్ అయ్యారు. అక్కడితో కథ ముగిసిందనుకున్నాం. ఆ ఏడాది ఆగస్టులో ఆయన మున్సిపల్ అధికారులతో సమీక్ష ఏర్పాటు చేశారు. అదే సమయానికి అప్పటి వైసీపీ ఎమ్మెల్యే కేతిరెడ్డి పెద్దారెడ్డి కార్యక్రమం ఉండడంతో అధికారులు అటు వెళ్లారు. చైర్మన్ తన కార్యాలయంలోనే కూర్చుని ఎదురుచూశారు, రాత్రి కూడా అక్కడే పడుకున్నారు. ప్రభాకర్‌రెడ్డి రాజకీయ శైలి అందరికీ నచ్చేది కాదు, అది వేరే సంగతి. కానీ ఎన్నికైన చైర్మన్ పిలిస్తే సొంత కార్యాలయపు ఉద్యోగులే రాకపోవడం, ఆ రాత్రి ఆయన అక్కడ నిద్రపోవడం, చైర్మన్ కుర్చీలో అసలు ఎంత అధికారం మిగిలిందో కళ్లకు కట్టింది.

అధికారులు అలా వెళ్లడానికి కారణం ధిక్కారం కాదు. కమిషనర్‌ను నియమించేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. ఆ బదిలీ వెనక ఎమ్మెల్యే సిఫార్సు లేఖ ఎంత పనిచేస్తుందో మున్సిపల్ శాఖలో పనిచేసిన ఎవరికైనా తెలుసు. కౌన్సిల్ తీర్మానం చేసినా అమలు చేయాల్సింది కమిషనర్, ఆయన భవిష్యత్తు తేలేది ఇంకెక్కడో. 2019 అక్టోబర్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలు వచ్చాక ఈ దూరం మరింత పెరిగింది. పింఛన్, ధ్రువపత్రం, ఇంటిపన్ను, ఏ పనికైనా సచివాలయానికే వెళ్లాలి. ప్రజలకు అది మేలే చేసింది. కానీ ఆ సచివాలయంలో వార్డు కౌన్సిలర్ మాటకు చట్టపరమైన స్థానం ఏమిటో ఎవరూ నిర్ణయించలేదు.

ఇలా చేతిలో ఏమీ మిగలని సభ్యులు సభలో ఏం చేస్తారు? ఏదైనా చిన్న పట్టణపు కౌన్సిల్ సమావేశానికి వెళ్లి వెనక వరుసలో కూర్చోండి. గోడ మీద మహనీయుల ఫొటోలు, బల్లల మీద అజెండా ప్రతులు, నీళ్ల సీసాలు. మహిళా సభ్యురాలి వెనక గుమ్మం దగ్గర ఆమె భర్త. మొదటి అంశం చదవగానే ప్రతిపక్షం లేచి పోడియం ముందు బైఠాయిస్తుంది. ఆ కేకల మధ్యే గుమాస్తా అంశాల సంఖ్యలు చదువుతూ పోతాడు, ఒక పక్షం ‘ఆమోదం, ఆమోదం’ అంటూ ఉంటుంది. అప్పటికప్పుడు చేర్చిన టేబుల్ అజెండా కూడా అదే ఊపులో గడిచిపోతుంది. టెండరు ఎవరికి వెళ్లింది, ట్యాంకర్ల అద్దె ఎందుకు పెరిగింది అని అడిగే వ్యవధే ఉండదు. బయటికి వచ్చాక ఇరుపక్షాలూ మీడియా ముందు ఒకరినొకరు తిట్టుకుంటారు. ఆ పూట డ్రైనేజీ గురించి ఒక్క ప్రశ్న అడిగిన కౌన్సిలర్ ఉంటే, ఆమె పేరు మరుసటి రోజు వార్తలో కనిపించదు.

రాష్ట్రంలో అధికారం మారినప్పుడల్లా ఈ సభల రంగు కూడా మారడం చూస్తున్నాం. 2021లో వైసీపీ క్లీన్‌స్వీప్ చేసిన తునిలో, 2025 ఫిబ్రవరిలో వైస్‌చైర్మన్ ఎన్నికకు కోరం లేక పదేపదే వాయిదాలు పడ్డాయి. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారిన వెంటనే, నల్గొండ సహా పలుచోట్ల అవిశ్వాస తీర్మానాలు వరుసకట్టాయి. ఆ వార్డుల ఓటర్లు మధ్యలో మళ్లీ ఓటు వేయలేదు, వారి అభిప్రాయం మారిందని ఎవరూ అడగలేదు. మారింది హైదరాబాద్‌లో, అమరావతిలో కూర్చున్నవారు.

కొందరు చైర్మన్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకోవాలంటున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు ఆ పద్ధతి ఉండేది, 2005 నుంచి పరోక్ష ఎన్నిక వచ్చింది. ప్రత్యక్ష ఎన్నికతో క్యాంపుల బెడద తగ్గుతుంది, అది నిజమే. కానీ ఒక పార్టీ చైర్మన్, మరో పార్టీ మెజారిటీ ఉన్నచోట బడ్జెట్ ఆగిపోతుంది. పైగా తాడిపత్రి చైర్మన్ నేరుగా ఎన్నికై ఉన్నా, ఆ రాత్రి అధికారులు వచ్చేవారు కాదు. కాబట్టి ఎన్నిక పద్ధతి కంటే ముందు కమిషనర్ పనితీరుపై కౌన్సిల్‌కు లిఖితపూర్వక అంచనా ఇచ్చే హక్కు ఉండాలి, దాన్ని బదిలీలో పరిగణించాలి. టేబుల్ అజెండాను అత్యవసరాలకే పరిమితం చేయాలి. అన్నిటికంటే ముందు చైర్మన్ ఎన్నికలో, అవిశ్వాసంలో ఎక్స్‌అఫిషియో ఓటును తీసేయాలి.

కొండపల్లి పాలకవర్గం అయిదేళ్ల గడువు 2026 నవంబర్‌తో ముగుస్తుంది. మూడున్నరేళ్లు కవర్‌లో పోగా అధికారికంగా చైర్మన్ ఉన్న కాలం ఏడాదిన్నర మించదు. అక్కడ తర్వాతి ఎన్నికల నోటిఫికేషన్ వెలువడే ముందే మున్సిపల్ చట్టంలో ఆ ఒక్క నిబంధనను శాసనసభ సవరించాలి. లేకపోతే మళ్లీ 14–14 వచ్చిన రోజున, బొమ్మల కాలనీ ఓటరు వేసిన ఓటు విలువ ఎంతో, విజయవాడ నుంచి బయలుదేరే ఒక కారు తేలుస్తుంది.