జర్మనీ వీసా దొరుకుతోంది, అపాయింట్‌మెంటే దొరకట్లేదు

2024 అక్టోబర్లో అప్పటి జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ ఢిల్లీ వచ్చినప్పుడు మన స్కిల్డ్ వర్కర్లకి ఇచ్చే వీసాలు ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకి పెంచుతామన్నారు, ఆ వార్త చూసి మా ఊళ్ళో తెలిసినవాళ్ళంతా ఇక్కడ జర్మనీలో ఉంటున్న నాకు ఫోన్లు చేశారు. రూల్స్ అయితే నిజంగానే తేలికయ్యాయి. 2023 నవంబర్లో బ్లూ కార్డ్‌కి, అంటే మంచి జీతమున్న ఉద్యోగాలకి వచ్చినవాళ్ళకి ఇచ్చే పర్మిట్‌కి, ఉండాల్సిన కనీస జీతం తగ్గించారు, 2025 లెక్కలో ఏడాదికి 48,300 యూరోలు, ఐటీ, ఇంజినీరింగ్ లాంటి కొరత ఉన్న పనులకి 43,759.80. ఐటీ వాళ్ళకి డిగ్రీ లేకపోయినా గత ఏడేళ్ళలో మూడేళ్ళ అనుభవం ఉంటే దారి ఉంది.

మరి ఎక్కడ ఆగుతున్నారు అంటే, ముందు డిగ్రీ దగ్గర. అనాబిన్ అని జర్మనీ ప్రభుత్వ డేటాబేస్ ఉంది, అందులో మన యూనివర్సిటీ పక్కన హెచ్ ప్లస్ (గుర్తింపు ఉందని గుర్తు) ఉండాలి, కోర్సు కూడా వాళ్ళ డిగ్రీకి సమానమని ఉండాలి. చాలామంది కాలేజీ పేరు వెతికి లేదని కంగారు పడతారు, పట్టా ఇచ్చింది యూనివర్సిటీ కాబట్టి వెతకాల్సింది ఆ పేరు. హెచ్ పక్కన ప్లస్సూ మైనస్సూ రెండూ ఉంటే 208 యూరోలు కట్టి విడిగా సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, ఇది ఆఫర్ వచ్చాక కాదు, అప్లికేషన్లు పెట్టకముందే చూసుకోవాల్సిన పని.

రెండోది, జర్మనీకి వచ్చాక ఫారినర్స్ ఆఫీస్, అంటే విదేశీయుల పర్మిట్లు చూసే ఆఫీసు. చట్టం చేసేది బెర్లిన్, కార్డు ఇచ్చేది మాత్రం ఏ ఊరికి ఆ ఊరు, జిల్లా ఆఫీసులు. 2022 తర్వాత యుక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళ పర్మిట్లు కూడా ఇవే కౌంటర్లు చూశాయి. నా కార్డు అయిపోవడానికి మూడు నెలల ముందే రెన్యూవల్‌కి పెట్టా, జవాబు లేదు. టైముకి పెట్టుంటే పాత హక్కులు కొనసాగుతాయని చట్టం చెప్తుంది గానీ అది చూపించే తాత్కాలిక కాయితం చేతిలో లేకపోతే దేశం దాటి మళ్ళీ రావడం రిస్కు, దాంతో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళలేకపోయా. మేనమామగా నేను పెట్టాల్సిన ఓణీ మా నాన్న చేత్తో పెట్టించారు, వీడియోలో చూశా. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇక ఆపర్చునిటీ కార్డ్. 2024 జూన్ నుంచి వచ్చింది, చదువు, అనుభవం, భాష లాంటివాటికి ఇచ్చే పాయింట్లు ఆరుంటే ఏడాదిపాటు జర్మనీలో ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు, వారానికి 20 గంటలే పని. దీన్ని జాబ్ వీసా అని చెప్పి డబ్బులు గుంజే కన్సల్టెన్సీలంటే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే 2025 లెక్కలో ఖర్చులకి నెలకి 1,091 యూరోల చొప్పున ఏడాదికి 13 వేల యూరోల పైన మన దగ్గర ఉన్నట్టు చూపించాలి, ఆ డబ్బు చాలా ఇళ్ళల్లో పొలం మీదో బంగారం మీదో తెచ్చిన అప్పు, పైగా జర్మన్ రాకపోతే ఐటీ బయట ఇంటర్వ్యూలే కష్టం.

ఆఫర్ చేతిలో ఉన్నవాళ్ళు కంపెనీని ఒకటి అడగండి, ఫాస్ట్ ట్రాక్ పెట్టమని. ఫీజు 411 యూరోలు, మీ తరఫున కంపెనీనే ఇక్కడి ఫారినర్స్ ఆఫీస్‌లో అప్లై చేస్తుంది, అక్కడ ముందస్తు అనుమతి వచ్చాక వీసా అపాయింట్‌మెంట్ మూడు వారాల్లో ఇవ్వాలని రూలు. చాలా హెచ్ఆర్‌లు తమంతట తాము చెప్పరు, సంతకం పెట్టకముందే అడగాలి.