నీళ్లు తెలిసినవాడు వద్దన్న ఓడలు

2025 డిసెంబరులో పోర్‌బందర్ నుంచి ఒక తెరచాప ఓడ బయలుదేరి మస్కట్ చేరింది. దానికి ఇంజను లేదు. పలకల్ని మేకులతో బిగించలేదు, కొబ్బరి పీచు తాడుతో కుట్టారు. అజంతా గోడ మీది బొమ్మను చూసి మన నావికాదళం తయారు చేయించిన ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య అది. దేశమంతా మెచ్చుకుంది, నేనూ సంబరపడ్డాను. నాకు బాధ కలిగించింది ఒక్కటే. మన నెల్లూరు, ఒంగోలు వైపు చాలామంది దాన్ని ఎక్కడిదో పాతకాలపు వింతలా చూశారు. పడవ కుట్టడం మన తీరానికీ తెలిసిన పనే. తెల్లవాళ్లు మసూలా పడవ అని రాసుకున్నది ఈ కుట్టు పడవనే.

ఎందుకు కుట్టారో తెలియాలంటే ఒంగోలు దగ్గరి కొత్తపట్నం ఒడ్డున ఒక ఉదయం నిలబడితే చాలు. మన తీరంలో పెద్ద ఓడ తలదాచుకునే లోతైన సహజ రేవు లేదు. ఓడ దూరంగా లంగరు వేసుకుంటే సరుకు, మనుషులు చిన్న పడవల్లో ఒడ్డుకు రావాలి. మధ్యలో కెరటాలు విరిగే చోటు ఉంటుంది. మేకులు కొట్టి బిగించిన యూరప్ పడవ అక్కడ ఇసుకకు కొట్టుకుని పగిలేది. కుట్టు పడవ దెబ్బ తగిలినప్పుడు కాస్త వంగి, మళ్లీ సర్దుకునేది. కుట్టు తెగితే మళ్లీ కుట్టుకునేవాళ్లు. మద్రాసులో హార్బరు కట్టేదాకా గవర్నర్లు కూడా ఈ పడవలెక్కే ఒడ్డున దిగారు. మన తెప్ప సంగతీ అంతే. తేలే దుంగల సందుల్లోంచి నీళ్లు వచ్చి పోతాయి కాబట్టి అది నీరు నిండి మునగదు. ఇది పేదవాడి పడవ అని చిన్నచూపు చూడటం తప్పు. మన నీళ్లకు ఏది సరిపోతుందో తరతరాలుగా చూసి తేల్చుకున్న డిజైన్ ఇది.

యుద్ధనౌకల చరిత్ర అనగానే మనకు ఫిరంగుల లెక్క చెబుతారు. 1906 నాటి డ్రెడ్‌నాట్‌కు 12 అంగుళాల ఫిరంగులు పది, జపాన్ యమాటోకు 18 అంగుళాలవి తొమ్మిది. క్విజ్ పోటీలకు ఇవి సరిపోతాయి. ఆ చరిత్రలో అసలు చూడాల్సింది వేరే ఉందని నా నమ్మకం. నీళ్లు తెలిసినవాడు వద్దన్నప్పుడు, అధికారం ఉన్నవాడు ఆగాడా లేదా?

స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ కట్టించిన వాసా ఓడనే చూడండి. రెండు అంతస్తుల నిండా ఫిరంగులు, పైన బరువెక్కువ, కింద పట్టు తక్కువ. బయలుదేరకముందే 30 మందిని డెక్కు మీద అటూ ఇటూ పరుగెత్తించి పరీక్షించారు. ఓడ ప్రమాదకరంగా ఊగడంతో పరీక్ష ఆపేశారు, ప్రయాణం మాత్రం ఆపలేదు. రాజు తొందరపడుతున్నాడు, ఆయనకు కాదని చెప్పేవాడు లేడు. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోం రేవులో కిలోమీటరున్నర కూడా పోకముందే, ఒక గాలి విసురుకు ఒరిగి మునిగిపోయింది.

అంతకంటే నన్ను కలచివేసేది ‘కెప్టెన్’ అనే పేరున్న బ్రిటన్ యుద్ధనౌక కథ. కూపర్ కోల్స్ అనే నౌకాధికారికి తిరిగే ఫిరంగి గోపురాల మీద గొప్ప నమ్మకం. పత్రికలు, పార్లమెంటు ఆయన వైపు నిలిచాయి. నౌకాదళం ప్రధాన నిర్మాణ నిపుణుడు ఎడ్వర్డ్ రీడ్ ఒప్పుకోలేదు. ఎత్తయిన తెరచాపలు పెట్టి, ఓడ అంచును నీటికి అంత దగ్గరగా ఉంచితే ప్రమాదమన్నాడు. ఆయన మాట చెల్లలేదు. పైగా కట్టేటప్పుడు బరువు పెరిగి, నీటికి 8 అడుగుల ఎత్తున ఉండాల్సిన అంచు ఆరున్నర అడుగులకు దిగింది. 1870 సెప్టెంబరు 7న, అర్ధరాత్రి దాటిన కాసేపటికే స్పెయిన్ తీరానికి దగ్గర్లో తుపాను గాలికి ఓడ బోల్తాపడింది. దాదాపు 480 మంది పోయారు, కోల్స్ కూడా అందులోనే ఉన్నాడు. ఆ ఓడను నమ్మిన నౌకాశాఖ మంత్రి చిల్డర్స్, మోనార్క్ అనే ఓడలో ఉన్న తన కొడుకును దీనిలోకి మార్పించాడు. ఆ కుర్రాడూ పోయాడు. అదే రాత్రి అదే గాలిలో ఉన్న మోనార్క్ మాత్రం నిలిచింది.

ఇది పాత కథ, ఇప్పుడు కంప్యూటర్లున్నాయి, క్షిపణుల కాలంలో తెప్పలవాడి అనుభవం దేనికని అడిగేవాళ్లున్నారు. లెక్కలు కావాల్సిందే, కాదనను. కానీ కెప్టెన్ విషయంలో కూడా లెక్క ఉంది! ఒరిగినప్పుడు లేచి నిలబడే బలం మోనార్క్‌కు 40 డిగ్రీల దాకా పెరుగుతుందనీ, కెప్టెన్‌కు 21 డిగ్రీలకే తగ్గడం మొదలవుతుందనీ ఇంజనీర్లు లెక్కకట్టి తేల్చారు. లోపం లెక్కలో లేదు, వినడంలో ఉంది.

బంగాళాఖాతం కూడా ఇదే పాఠం చెప్పింది. 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాదళాన్ని అక్టోబరు తుపాను చెల్లాచెదురు చేసింది. 1782లో ఫ్రెంచి సేనాని సుఫ్రెన్‌తో వరసగా తలపడిన ఇంగ్లిషు నౌకాదళం కూడా అక్టోబరు రాగానే ఈ తీరం వదిలి బొంబాయి వెళ్లక తప్పలేదు. ఈ నీళ్ల సంగతి గ్రహించిన రాజు మనకు ఉండేవాడు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవాళ్లు. ఆయన సుంకం మాత్రమే తీసుకుంటానన్నాడు.

ఇప్పుడు పాత నెల్లూరు జిల్లాలోని దుగరాజపట్నంలో పెద్ద నౌకా నిర్మాణ కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. ఇంగ్లిషువాళ్లు మద్రాసు కంటే ముందు కోట కట్టుకున్న ఆర్మగాన్ అదే. నేను దానికి వ్యతిరేకిని కాదు, ఓడలు ఇక్కడ తయారు కావాలనే నా కోరిక. కానీ అలల్ని ఆపే గోడను సముద్రంలోకి కట్టేముందు మద్రాసు హార్బరును గుర్తు చేసుకోవాలి. ఈ తీరం వెంట ఇసుక ఎక్కువగా ఉత్తరానికి నడుస్తుంది. అక్కడ గోడ అడ్డం రాగానే దక్షిణాన మేటవేసి మెరీనా బీచ్ పెరిగింది, ఉత్తరాన ఊళ్లను సముద్రం కోసుకుపోయింది. ఇసుక నడక సంగతి మన పట్టపుపాలేల్లో, అంటే జాలర్ల పల్లెల్లో, చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ప్రజాభిప్రాయ సేకరణ పేరుతో టెంటు వేసి, ఒక్క పూటలో వాళ్ల సంతకాలు తీసుకుని పంపేస్తే కుదరదు. డ్రాయింగు గీసే గదిలోకే వాళ్లను పిలవాలి. ఏ నెలలో ఏటి మొగ మూసుకుంటుంది, ఏ గాలికి తెప్ప వేయరు, ఎక్కడ కెరటం రెండుసార్లు విరుగుతుంది అని అడగాలి. వాళ్లు వద్దన్న చోట గోడ జరపాలి. ఆ పాలేల పిల్లలకు నౌకా నిర్మాణం నేర్పే కాలేజీ కూడా అక్కడే, ఆ గోడతో పాటే మొదలుకావాలి.