సంఘం ఒక్కటే సరిపోదు, ఇంట్లో మాట్లాడాలి
ఫిలిప్పీన్స్ ఉత్తరాన ఉండే ఇలొకానో జనం పెట్టుకున్న ఒక సంఘం గురించి వ్యాసం చదివాను. సొంతూళ్ళో ఉన్న ఇలొకానోల్నీ విదేశాల్లో ఉన్నవాళ్ళనీ కలిపి, వాళ్ళ ఇలొకానో భాషని నిలబెడుతున్నది ఇలాంటి ఫ్రెటర్నిటీ, సొరోరిటీలే (అన్నదమ్ముల్లా, అక్కచెల్లెళ్ళలా కలిసి నడిపే సంఘాలే) అన్నారు అందులో, నేను సగమే ఒప్పుకుంటాను. సంఘం మనుషుల్ని కలుపుతుంది నిజమే, కానీ భాష నిలవాలంటే పిల్లలతో ఇంట్లో మాట్లాడాలి కదండీ. హవాయిలోని హోనొలులులో మూడేళ్ళున్నాం, పక్కింటి పెద్దావిడది ఇలొకానోల సొంత ప్రాంతం ఇలోకోస్‌లోని ఇలోకోస్ నోర్తే, ఆవిడా వాళ్ళాయనా ఇలొకానోలోనే మాట్లాడుకునేవాళ్ళు, మనవలు మాత్రం ఏది అడిగినా ఇంగ్లిష్‌లోనే జవాబు, పాపం ఆవిడ మొహం చిన్నబోయేది, మా పిల్లల తెలుగు గుర్తొచ్చి నాకూ మనసు చివుక్కుమనేది. 1906లో ఇలోకోస్ నుంచి మొదటి 15 మంది చెరకు తోటల పనికి ఓడలో హవాయి వెళ్ళారు, అప్పట్నుంచి ఇన్ని తరాలు అక్కడ ఆ మాట వినబడుతోందంటే అది ఇళ్ళల్లో అమ్మమ్మలూ తాతలూ వదలకపోబట్టే. మనోవాలోని హవాయి యూనివర్సిటీలో ఇలొకానో నేర్పుతారు కూడా, సంఘాలవాళ్ళు పిల్లల్ని అటు పంపిస్తే ఎంత బాగుంటుందో. వ్యాసంలో చెప్పిన ఒక్కటి మాత్రం నాకు బాగా నచ్చింది, ఆడామగా అందర్నీ ఒకే సంఘంలో పెట్టడం, అన్నయినా చెల్లయినా వాళ్ళ భాషలో కబ్సాత్ అనే ఒకే మాట ఉంది మరి.